సోమవారం బలం

మా వదినకు భయం లేని వస్తువు లోకంలో లేదు. కుక్కరు రెండో విజిల్ వేసిందంటే పక్కగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. లిఫ్టు ఎక్కదు. గోడ మీద బల్లి కనిపిస్తే ఆ పూటకు ఆ గది మాకు లేనట్టే. గ్యాసు కట్టేశానో లేదో చూడటానికి వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, చూసుకుని మళ్లీ మలుపు దాకా వెళ్లి మళ్లీ వస్తుంది. పెళ్లయిన కొత్తలో మా అన్నయ్య విసుక్కునేవాడు. తర్వాత్తర్వాత తాళం వేశాక గుమ్మం ముందే ఐదు నిమిషాలు నిలబడి పేపరు చదువుకోవడం నేర్చుకున్నాడు. నాకు మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. నేను ఆమె ఆడపడుచుని. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు నోటి దురుసు ఎక్కువ, ఎవరడిగినా ఒప్పుకుంటాను. నేను ఎవరికీ భయపడను, దేనికీ భయపడను అని అందరికీ చెప్పుకు తిరిగేదాన్ని. ఆ గొప్పలు ఏమయ్యాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అంత పిరికి మనిషికి భయపడినందుకు జీతమిచ్చే ఉద్యోగం దొరికింది. దొరికించింది నేనే. వైన్ తయారుచేసే ఫ్యాక్టరీలో సీసాలు పేర్చే హాలు నాది. అక్కడి ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి మానేస్తే వదినను తీసుకెళ్లి నిలబెట్టాను. ల్యాబు చూసుకునే పెద్దాయన వారం రోజులు ఆమెను గమనించాడట. ప్రతి ఫ్లాస్కూ కడిగి, ఆరబెట్టి, వెలుతురుకు పట్టి చూసి, మచ్చేమీ లేకపోయినా మళ్లీ కడగడం చూశాడు. ఈ అమ్మాయికి కడగడం కాదు నేర్పాల్సింది అని ఆయనే పై వాళ్లతో మాట్లాడి, దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పరీక్షా నేర్పాడు. తొమ్మిదేళ్లు నేర్పాడు. వదిన కాలేజీ మొహం చూడలేదు. కానీ ట్యాంకులోంచి చెంబెడు వైన్ తెచ్చి ముందు పెడితే అందులో పులుపెంత, చక్కెరెంత, ఆల్కహాలెంత అనేది గంటలో కాగితం మీద పెట్టేది. చుక్క నోట్లో వేసుకునేది కాదు. అదీ భయమే.

ఆ పరీక్షల్లో ఒకటి మీకు చెప్పాలి, కథంతా దానిమీదే ఉంది. వైన్‌లో కాస్త చక్కెర మిగిలి ఉంటే అది తియ్యగా బాగుంటుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది. ఫిల్టరు ఎంత సన్నదైనా వైన్‌ను పులియబెట్టే ఈస్ట్ కణాలు ఒకటో రెండో దాటిపోతాయి. వాటిని లేవనివ్వకుండా చూసేది సల్ఫర్. అది చాలకపోతే మూత బిగించిన సీసాలోనే అవి లేచి, ఆ చక్కెర తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసుకు బయటికి దారి ఉండదు. గాజు ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని పగులుతుంది.

అందుకే సీసాల్లో నింపేముందు సల్ఫర్ ఎంతుందో చూస్తారు. ఫ్లాస్కులో వైన్ పోసి, గంజిలాంటి స్టార్చ్ కొన్ని చుక్కలు వేసి, పైనున్న గాజుగొట్టం లోంచి అయోడిన్ చుక్కచుక్కగా వదులుతారు. సల్ఫర్ ఉన్నంతసేపు అయోడిన్‌ను మింగేస్తూ ఉంటుంది. అయిపోయిన మరుక్షణం ఫ్లాస్కు నీలంగా మారుతుంది. ఎంత అయోడిన్ పట్టిందో చూస్తే ఎంత సల్ఫర్ ఉందో తెలుస్తుంది. వదిన ప్రతి పరీక్షా రెండుసార్లు చేసేది. మొదటి అంకె నల్ల పెన్నుతో, రెండోది ఎర్ర పెన్నుతో. రెండూ కలిస్తే ఆ రాత్రి నిద్రపోయేది, కలవకపోతే మూడోసారి చేసేది. ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. అందరూ ‘రెండోసారి’ అనేవాళ్లు. రెండోసారి వచ్చిందా, రెండోసారి సంతకం పెట్టిందా అని. ఆ పేరు పెట్టింది కూడా నేనే. నా నోరు అలాంటిది.

ఇక పెద్దాయన సంగతి. ఆయన బల్ల పైన గోడకు ఒక క్యాలెండరు ఉండేది. దాన్నిండా ఆయన చేతిరాత: ట్యాంకుల నంబర్లు, ఫిల్టరు మార్చాల్సిన రోజులు. ప్రతి సోమవారం గడిలో మాత్రం ఒకే ఒక్క మాట ఉండేది. బలం. జనవరిలోనే కూర్చుని సంవత్సరం మొత్తానికీ, డిసెంబరు చివరి సోమవారం దాకా రాసేసుకునేవాడు. సోమవారాలు అందరికంటే గంట ముందొచ్చి ల్యాబు తలుపు వేసుకునేవాడు. మేం వచ్చేసరికి ఆ పని అయిపోయి టీ తాగుతూ ఉండేవాడు. ఒకసారి ఖాళీ ట్రేలు ఇవ్వడానికి వెళ్లి ఆ క్యాలెండరు చూశాను. ఊరుకుంటానా. “ఏంటి పెద్దాయనా, సోమవారం సోమవారం టానిక్కు తాగుతున్నారా, బలానికి” అన్నాను. ఆయన పడీ పడీ నవ్వి, నా వయసులో బలం చూసుకోకపోతే ఎలాగమ్మా అన్నాడు.

ఆ మాట మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా తిరిగింది. అప్పటినుంచి సోమవారం ఎవరు ఎదురుపడినా బలం చూసుకున్నారా అని ఆయన్ని అడగడమే, చూసుకున్నా చూసుకున్నా అని ఆయన కండ చూపించడమే. మేనేజరు కూడా అడిగేవాడు. ఏళ్ల తరబడి నవ్వుకున్నాం.

మొన్న చలికాలం చివర్లో పెద్దాయన రిటైరయ్యాడు. వదిన కోసం ఒక నోటుబుక్కు నిండా రాసిపెట్టి వెళ్లాడు. ఏ పరీక్షకు ఎన్ని మిల్లీలీటర్లు, కొలతకు వాడే ఏ పిపెట్టు అంచు విరిగింది, ఏ అలమార తాళం కాస్త పైకెత్తి తిప్పాలి, అన్నీ ఉన్నాయి. మొదటి పేజీ మొదటి లైను మాత్రం ఇదీ: సోమవారం, బలం, మరవొద్దు. వీడ్కోలు రోజున నేను ఊరుకోకుండా, మీరు వెళ్లిపోతే బలం ఎవరు చూస్తారండీ అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, వదిన తల మీద చెయ్యి పెట్టి, నేను లేకపోయినా ప్రతి సోమవారం బలం చూసుకోమ్మా అన్నాడు. వదిన కళ్లు తుడుచుకుంటూ తలాడించింది. ఆయన చెప్పాననుకున్నాడు, ఈమె విన్నాననుకుంది. ఇద్దరి మధ్యా నా జోకు కూర్చుని ఉంది.

వదిన మాట అంటే మాటే. నన్ను పిలిచి, ఆయన అంతగా చెప్పాడు కదా, రక్తం పట్టే టానిక్కు ఏదైనా తెచ్చిపెట్టమని అడిగింది. నేనే మందుల షాపుకి వెళ్లి తెచ్చాను. సోమవారం సోమవారం ఉదయం ఎనిమిదింటికి ల్యాబులో బల్ల ముందు నిలబడి, కళ్లు మూసుకుని రెండు చెంచాలు తాగేది. నేను కిటికీలోంచి చూసి నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఎండాకాలం వచ్చింది. నింపిన ప్రతి సరుకు లోంచీ ఆరు సీసాలు తీసి ల్యాబులో వెచ్చని అలమారలో ఉంచుతారు. వేడికి ఏ తేడా అయినా బయటి సీసాలకంటే వాటిలో ముందు కనిపిస్తుందని. వదిన రోజూ పొద్దున్నే ఆ మూతల మీద స్టీలు స్కేలు పెట్టి చూసేది. అవి తిప్పి తీసే రేకు మూతలు, పైన బల్లపరుపుగా ఉంటాయి. స్కేలు కదలకుండా కూర్చుంటే మూత సమంగా ఉన్నట్టు. ఇది ఎవరూ చెప్పిన పని కాదు, నోటుబుక్కులో లేదు. భయం కొద్దీ తనే పెట్టుకుంది.

ఆ గురువారం పొద్దున స్కేలు ఊగింది.

తర్వాత జరిగింది వదిన నాకు చెప్పింది, అదీ రెండుసార్లు. చివరి వరసలో తియ్యటి తెల్ల వైన్, ఐదు వారాల కింద నింపిన సరుకు. మూత నడుమ గోరు మందం ఉబ్బింది. స్కేలు దానిమీద అటూ ఇటూ ఊగుతోంది. స్కేలు వంగిందేమో అని బల్ల మీద పెట్టి చూసింది. వంగలేదు. పక్క సీసా మీద పెట్టింది. ఊగింది. ఆరుకు ఆరూ ఊగాయి. ఒక సీసాకు గోనెసంచి చుట్టి, చెయ్యి ఎంత దూరం చాపగలదో అంత దూరం చాపి మూత తిప్పింది. సోడా సీసా తెరిచినట్టు బుస్సుమంది.

సల్ఫర్ చూసింది. ముప్ఫై. రెండోసారి చూసింది. ముప్ఫై. అంత ఉంటే ఈస్ట్ లేవకూడదు. ఈస్ట్ లేచిందని మూత అంటోంది, లేవలేదని అంకె అంటోంది. రెండుసార్లు కలిసిన అంకె అబద్ధం చెప్పదని తొమ్మిదేళ్లుగా నమ్మిన మనిషి. అక్కడే నిలబడిపోయింది. వైన్ కొత్తగా తీసిందే, ఫ్లాస్కులు వేరు వేరు, గొట్టం కడిగింది. రెండుసార్లకూ మారకుండా ఉన్నది ఒక్కటే, గోధుమరంగు సీసాలోని అయోడిన్. దాన్ని కొంచెం గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర పెట్టింది. అలమార అడుగున సీలు విప్పని కొత్త అయోడిన్ ఉంటే దాన్నీ పక్కన పోసింది. కొత్తది చిక్కటి డికాషన్‌లా ఉంది. తను రోజూ వాడుతున్నది నీళ్లు కలిపిన టీలా వెలిసిపోయి ఉంది.

అయోడిన్ ఉన్నకొద్దీ పలచబడుతుంది. పలచబడిన అయోడిన్ ఎక్కువ పడుతుంది, కాబట్టి సల్ఫర్ ఎక్కువున్నట్టు అంకె వస్తుంది. ఒకసారి చూసినా వస్తుంది, రెండోసారి చూసినా అదే వస్తుంది, వందసార్లు చూసినా అదే. అందుకే వారం వారం, గాఢత ముందే తెలిసిన ద్రావణంతో దాని బలం ఎంతుందో కొలిచి, ఆ లెక్కతో అంకెలు సరిచూసుకోవాలి. పెద్దాయన ఆ పని తలుపు వేసుకుని, తన చేత్తో, సోమవారం పొద్దున్నే చేసేసేవాడు, వదినకు ఎప్పుడూ చూపించలేదు. వదిన తలెత్తి చూసింది. గోడ మీద ఆయన క్యాలెండరు అలాగే ఉంది. బలం. బలం. బలం. బలం. బల్ల మీద టానిక్కు సీసా ఉంది.

కొత్త అయోడిన్‌తో ఒక్కసారి చూసింది. పదిహేను వచ్చింది.

ఆ సరుకు ఆరువేల సీసాలు. హాల్లో పడమటి గోడ పక్కన, రేకుల కప్పు కింద, మనిషి ఎత్తుకు మించి పేర్చి ఉన్నాయి. అవి ఆ రోజే లారీ ఎక్కాలి. వాటి మధ్య నిచ్చెన మీద నిలబడి పైవరస పెట్టెలు లెక్క చూస్తున్నది నేను. ముఖానికి పెట్టుకోమని ఇచ్చిన ప్లాస్టిక్ షీల్డు ఉక్కగా ఉందని మేకుకు తగిలించేశాను. రోజూ అలాగే తగిలిస్తానని వదినకు తెలుసు. దాని గురించి ఇంట్లో పొద్దస్తమానం పోరు పెడుతూ ఉండేది. సరేలే తల్లీ, కుక్కరు విజిల్‌కి పారిపోయేదానివి నువ్వా నాకు చెప్పేది అని నోరు మూయించేదాన్ని.

మేనేజరంటే వదినకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఆయన కోప్పడే మనిషేం కాదు, గట్టిగా మాట్లాడతాడంతే. ఆయనకు ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి ప్యూను చేత పంపేది. ఆ రోజు చీటీ లేకుండా, తలుపు తట్టకుండా లోపలికి వెళ్లిందట. చేతిలో ఉన్న స్కేలు చూపించి, మూతలు ఉబ్బాయని, పాత అయోడిన్ వెలిసిపోయిందని, కొత్తదానితో చూస్తే సల్ఫర్ పదిహేనే వచ్చిందని చెప్పింది. ఆయన ఫోను పక్కన పెట్టి ఓపిగ్గానే విన్నాడు. అలమారలో వేడి ఎక్కువ, హాల్లో అంత ఉండదు, ఉబ్బితే ముందు అక్కడే ఉబ్బుతాయి, అందుకే కదా అక్కడ పెట్టేది అన్నాడు. మాట నిజమే. కానీ ఆ వారం పడమటి రేకులు ఎలా కాలుతున్నాయో ఆయన గదిలోంచి కనబడదు. లారీ గేటు దగ్గర ఉంది, కొత్త అయోడిన్‌తో రెండోసారి చూసి కాగితం పట్టుకురా, అప్పుడు ఆపుదాం అన్నాడు. అంటూ కొంచెం నవ్వాడు కూడా. ఆమెను రెండోసారి చూడమనడం ఆయనకు జోకులా అనిపించి ఉంటుంది.

“రెండోసారి చూడను సార్. అరగంట పడుతుంది. మా ఆడపడుచు లోపలుంది,” అంది వదిన.

అని బయటికి వచ్చేసింది. ఆ మాట అన్నది తనేనని మెట్లు దిగేదాకా ఆమెకే నమ్మకం కలగలేదట.

హాలు గుమ్మం పక్కన భోజనాల గంట ఉంది, తాడు లాగితే మోగేది. పదకొండు కూడా కాలేదు. వదిన తాడు పట్టుకుని లాగింది, ఆపకుండా లాగింది. జనం ఎక్కడివక్కడ వదిలేసి, ఇవాళ ఎవరి పుణ్యమో అనుకుంటూ బయటికి వెళ్లిపోయారు. నేను తప్ప. నాకు ఒళ్లు మండింది. లెక్క సగంలో ఉంది, టైము కాకుండా గంట కొట్టిన వాళ్లెవరో వాళ్ల సంగతి చూద్దామని నిచ్చెన మీదే నిలబడి కిందికి అరిచాను. గుమ్మంలో వదిన కనిపించింది. తెల్ల కోటు, ల్యాబులో పెట్టుకునే పెద్ద కళ్లజోడు, చేతిలో స్కేలు. హాలు గచ్చు జారుతుందని తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ గుమ్మం దాటని మనిషి, పెట్టెల వరసల మధ్యలోంచి నా వైపు పరుగెత్తుకొస్తోంది.

ఆమె ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. నిజం, నవ్వొచ్చింది. ఏంటి రెండోసారీ, బల్లి తరుముతోందా అన్నాను.

“దిగు,” అంది.

లెక్క అయ్యాక దిగుతానన్నాను. ఆమె నిచ్చెన ఊపేసింది. పడతానని పట్టుకుని తిట్టుకుంటూ దిగాను. దిగీ దిగగానే తన కళ్లజోడు తీసి నా ముఖానికి తగిలించింది, తొందరలో దాని కాడ ఒకటి నా చెవిలో గుచ్చుకుంది. ఏమిటిదంతా అని నేను దాన్ని తీయబోతున్నాను. అప్పుడు విన్నాను. నా తల పక్కన పెట్టెలో సన్నగా టిక్‌మని ఒక చప్పుడు. ఒక్క క్షణం తర్వాత ఇంకోటి, ఇంకాస్త పైన.

ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, పదిహేనేళ్లుగా గాజు మధ్య బతుకుతున్నాను. నా కాళ్లు కదల్లేదు. దేనికీ భయపడను అని చెప్పుకు తిరిగిన దాన్ని, గచ్చుకు అతుక్కుపోయి నిలబడ్డాను. పరుగెత్తాలని తెలుసు, ఎటు అన్నది తెలియలేదు. వదిన నా జబ్బ పట్టుకుని లాగింది. లాగుతూ నాకూ ఆ వరసకూ మధ్యకి వచ్చింది. రెండడుగులు వేశామో లేదో వెనక పైపెట్టె పేలింది. ఒక సీసా, దాని దెబ్బకు పక్కది, ఆ పక్కది. పటాపటామని అయిదారు. అట్టపెట్టె చీలి తియ్యటి వైన్ వాన పడినట్టు మా మీద పడింది. నా కళ్లజోడు అద్దం మీద టపటపమని ఏవో తగిలాయి. నేను కళ్లు మూసుకోలేదు, అద్దం ఉంది కాబట్టి తెరిచే ఉన్నాయి. వదిన ముఖం మీద రక్తం కారడం చూశాను.

బయట మెట్ల మీద కూలబడ్డాక చూస్తే కనుబొమ్మ చీలింది. కంటికి వెంట్రుకవాసిలో తప్పింది. ఆ గాజుపెంకు అరంగుళం కిందికి దిగి ఉంటే ఏమయ్యేదో నేనిప్పుడూ తలుచుకోలేను. ఆమె పట్టించుకోలేదు. నా ముఖమంతా తడిమింది, కళ్లజోడు తీసి రెండు కళ్లూ చూసింది. తర్వాత మళ్లీ రెండూ చూసింది. అంతమందిలో నేను చిన్నపిల్లలా ఏడ్చాను. మేనేజరు పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల ఇంకా ఒకటో రెండో పేలుతూనే ఉన్నాయి. లారీని వెనక్కి పంపమని ఆయనే గేటుకు ఫోను చేశాడు.

మర్నాడు మేనేజరు గదిలో విచారణ. వదిన కనుబొమ్మకు నాలుగు కుట్లు, తెల్ల పట్టీ. నన్ను సాక్ష్యానికి పిలిచారు. ఆయన ముందు పెద్దాయన నోటుబుక్కు, గోడ మీంచి తీసుకొచ్చిన క్యాలెండరు ఉన్నాయి. పొద్దున్నే పెద్దాయనకు ఫోను చేశానని, ఆయన ఇంత స్పష్టంగా రాసి, నోటితో కూడా చెప్పివెళ్లానంటున్నాడని అన్నాడు. పద్నాలుగు సోమవారాలు ఎందుకు చూడలేదని వదినను అడిగాడు. బలమంటే అయోడిన్ బలమని తెలియదంది. మరేమనుకున్నావని అడిగాడు. వదిన ఒంట్లో బలం అనుకున్నానని, టానిక్కు తాగానని చెప్పింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

అలా ఎవరు చెప్పారు నీకు అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, తప్పు నాదే అంది వదిన. నా వైపు చూడనైనా చూడలేదు. ఆమెను తీసేయాలా వద్దా అనేది ఆ జవాబు మీదే ఉందని నాకు తెలుసు. మూర్ఖత్వం కొద్దీ తాగిందా, పని ఎగ్గొట్టి ఇప్పుడు కథ చెబుతోందా అన్నదే ఆయన తేల్చుకోవాలనుకుంటున్నాడు. మేనేజరు నా వైపు తిరిగి, నీకేమైనా తెలుసా అన్నాడు.

నా నోరు పెగల్లేదు. ఈ నోరే, ఎవరినీ వదలని నోరు, ఎండిపోయింది. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వదినది పోతుంది, మళ్లీ ఏ ల్యాబూ ఆమెను గుమ్మం ఎక్కనివ్వదు. ఇంట్లో తెలిస్తే అన్నయ్య ముఖం ఎలా చూడను. తల అడ్డంగా ఊపాను. అవును, ఊపాను. దాచను. నా ప్రాణం కాపాడి ఇరవై నాలుగ్గంటలు కాలేదు, ఆమె కుట్ల మీద రక్తం ఆరలేదు, ఆమె పక్కనే నిలబడి తెలియదని తల ఊపాను. భయమంటే ఏమిటో నాకు హాల్లో తెలియలేదు, ఆ గదిలో తెలిసింది.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, పెన్ను మూత పెట్టి, నన్ను రెండోసారి అడిగాడు.

“ఆ జోకు నాది సార్. టానిక్కు కొనిచ్చింది కూడా నేనే,” అన్నాను.

మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన క్యాలెండరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, ఆ జోకుకు నేను కూడా నవ్వాను కదా అని, కాగితం చింపి బుట్టలో వేశాడు. వదినకు హెచ్చరిక లేఖ, నాకు హెచ్చరిక లేఖ, నెల రోజులు హాల్లో నిచ్చెన ఎక్కకూడదు. ఆరువేల సీసాలనూ చల్లబరిచి, షీల్డులు పెట్టుకుని ఒక్కొక్కటే తెరిచి పారబోశారు. గది బయటికి వచ్చాక వదిన నన్ను ఒక్క మాట అనలేదు. మొదటిసారి ఎందుకు తల ఊపావని అడగలేదు. నీళ్లు తాగావా అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి సోమవారం గంట ముందే ఇంట్లోంచి బయల్దేరుతుంటే నేనూ వెంట వెళ్లాను. గోడ మీద క్యాలెండరు మళ్లీ తగిలించి, డిసెంబరు దాకా ప్రతి ‘బలం’ ముందూ ‘అయోడిన్’ అని ఎర్ర పెన్నుతో రాసి ఉంది. తలుపు వేసుకుని, పెద్దాయన ఫోనులో చెప్పినట్టే గొట్టంలో అయోడిన్ నింపింది. నేను ఆమె భుజం వెనక నిలబడి ఫ్లాస్కునే చూస్తున్నాను. పక్కగదిలో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను, ఆమె ఉలిక్కిపడలేదు. పడుతున్న ఒక్కో చుక్కా లెక్కపెట్టాను. ఫ్లాస్కు నీలంగా మారింది. ఆమె అంకె చూసి, నల్ల పెన్నుతో రాసుకుని, సరిగ్గానే ఉందిలే, పద టీ తాగుదాం అని లేవబోయింది.

నేను ఆమె కోటు చెంగు పట్టుకుని ఆపాను.

“రెండోసారి చూడు వదినా,” అన్నాను.